ఐదో ఇల్లు

పద్నాలుగేళ్లు
కర్నూలు పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో
మనుషుల్ని మంచం నంబర్లతో పిలిచాను.
ఆరుకు నొప్పులు, పదకొండుకు రక్తం,
ఇరవైరెండు వాళ్ల అత్త వరండాలో గిన్నెలు కడుగుతోంది
తిట్టాలి.

ముప్పై తొమ్మిదో ఏట మళ్లీ బెంచీ ఎక్కాను.
ఎమ్మెస్సీ, సామాజిక ఆరోగ్య నర్సింగు, మొదటి సంవత్సరం.
పక్కన కూర్చునే పిల్ల నన్ను మేడం అంటుంది
ఆ పిల్ల దగ్గరే శాతాలు కట్టడం నేర్చుకుంటాను.
ఇంట్లో మావాడి ఇంటర్ లెక్కలూ
నా గణాంకాలూ
ఒకే ట్యూబులైటు కింద తప్పులు పోతుంటాయి.

కమలాక్షి మేడం మొదటి రోజే చెప్పింది:
"వార్డులో గోడలు మీ పక్షం.
ఊళ్లో గోడలన్నీ వాళ్లవి.
చెప్పులెక్కడ విడవాలో చూసి తలుపు కొట్టండి."
రాసుకున్నాను. పరీక్షకు వస్తుందనుకున్నాను.

అంశం: గర్భిణుల్లో రక్తహీనత.
నమూనా: ప్రతి ఐదో ఇల్లు.
ఆదోని దాటి, కోసిగి దాటి
ఆటోలో మూడు మేకలతో పాటు
జనవరి చివర్లో ఒక పల్లెలో దిగాను.

మొదటి ఐదో ఇల్లు తాళం.
తర్వాతి ఐదో ఇల్లు తాళం.
ఆ పైదానికి తాళమూ లేదు
గొళ్లేనికి పాత చీర పేలిక ముడి.

ఆశా వర్కరు మాబున్ని నవ్వింది:
"సుగ్గికి పోయినారు మేడం, గుంటూరు దిక్కు
మిరపకాయలు తెంపను.
రాత్రి రెండింటికొస్తాది లారీ, పిల్లోళ్లు నిద్రలోనే ఎక్కుతారు.
ఉగాదికి గానీ రారు.
ఇప్పుడుండేది కోళ్లు, ముసిలోళ్లు, నేను."

ఫారంలో తాళానికి ఒక అంకె ఉంది, 9.
సాయంత్రానికి గడి నిండా తొమ్మిదులు,
తల మీద మూటలతో
వరసగా నడిచిపోతున్నట్టు.

ఒక తలుపు మాత్రం తెరిచి ఉంది.
ఉరుకుందమ్మ. ఏడో నెల.
లారీ కుదుపులకు ఓర్వలేక వెనక్కొచ్చింది.
కింది రెప్ప లాగి చూశాను,
ఉడికిన జొన్నముద్ద రంగు.
గోడ గూట్లో, దువ్వెన పక్కన
ఎర్ర మాత్రల అట్టలు, ఒక్కటీ చిల్లు పడలేదు.

వార్డు గొంతు నా నోట్లోంచే వచ్చింది:
"మింగడానికేం రోగం?"

ఆమె కోపపడలేదు.
రొట్టె పిండి చేతులకంటినట్టే ఉంది.
"మింగితే కడుపు గట్టిపడతాది సిస్టరమ్మా.
చేన్లో మరుగు యాడుండాది?
తెల్లారకముందు ఒకసారి, పొద్దు మునిగినాంక ఒకసారి.
నడుమ ఆపుకోవల్లంతే.
కడుపులో రాయి పెట్టుకోని, మొగోళ్ల ముందర
సాలెంబడి వొంగి యట్ల తెంపేది?"

ప్రశ్న పదిహేడు: మాత్రలు వాడకపోవడానికి కారణం.
మరచిపోవడం. అశ్రద్ధ. అందకపోవడం. మూఢనమ్మకం.
ఇతరములు, వివరించండి.
వివరించడానికి ఇచ్చిన చోటు
బొటనవేలు గోరంత.

అప్పుడు గుర్తొచ్చింది పదకొండో మంచం.
ఐదు గ్రాముల రక్తంతో వచ్చింది.
ఇదే మాట అన్నాను ఆమెను, అందరూ వినేలా.
ఆమె గోడ వైపు తిరిగింది.
అశ్రద్ధ, అని కేస్‌షీటులో రాసింది నేనే.
ఏ ఊరో అడగలేదు.
ముఖం ఎంత తలచుకున్నా రాదు
నంబరే వస్తుంది.

కాగితం తిరగేసి
ఉరుకుందమ్మ మాటలు ఆమె చెప్పినట్టే రాసుకున్నాను.
యాసను సరిదిద్దలేదు.
లేచి చూస్తే నా చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

నెల తర్వాత నా కాగితాలు తిరిగొచ్చాయి.
కమలాక్షి మేడం ఎర్ర సిరా:
"సగానికి పైగా ఇళ్లు తాళం. ఈ నమూనా చెల్లదు."
దాని కింద గీత.
గీత కింద, చెరిపేస్తే పోయేలా, పెన్సిలుతో:

"మాబున్నిని అడుగు.
ఇంకో లారీ ఏమైనా పోతుందా,
ఇద్దరికి చోటుంటుందా."